గ్రెయిన్ పుట్టిన క్షణంలోనే దాని జాతకం రాసేయండి

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెప్పుకుంటాను. పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే ఇక్కడే తెలిసిపోతుంది. యూరోర్యాక్‌లో (విడివిడి మాడ్యూళ్ళను పక్కపక్కన బిగించి వాడే సింథసైజర్ పద్ధతి) 12 హెచ్‌పీ (ప్యానెల్ వెడల్పు కొలత) వెడల్పున ఒక గ్రాన్యులర్ శాంపిల్ మాడ్యూల్ కడుతున్నారు, అంటే రికార్డు చేసిన ధ్వనిని గ్రెయిన్లు అనే చిన్న చిన్న ముక్కలుగా మోగించేది. లోపల డైసీ సీడ్ అనే చిన్న ఆడియో ప్రాసెసర్ బోర్డు. ఎస్‌డీ కార్డులోని వేవ్ ఫైళ్ళను మోగించాలి, బయటి ధ్వనిని అప్పటికప్పుడు రికార్డు చేసి దాన్నీ మోగించాలి. మీ అక్కగారు వాయించిన వీణ, ఇంట్లోని తంబురా మీ శాంపిళ్ళు. పదహారు గ్రెయిన్లు ఒకేసారి మోగుతున్నాయి, కానీ ఫైలు చివరికి వెళ్ళేకొద్దీ ధ్వని గరగరమంటోంది. గ్రెయిన్లు ఎక్కువైతే టిక్కుమంటున్నాయి. లైవ్ రికార్డింగ్‌లో అప్పుడప్పుడు ఠప్పుమంటోంది. క్లాక్‌కు (తాళం ఇచ్చే విద్యుత్ దెబ్బలకు) కట్టినా తాళం వదులుగా ఉంది. ప్రాసెసర్ చాలడం లేదేమో, ఇంకా పెద్దది కొనాలా అని అడిగారు.

కొనవద్దు. మీ దగ్గరున్నదానిలో మూడో వంతు బలంతో కూడా ఈ పని జరుగుతుంది.

ఇలాంటివి నేను మూడు కట్టాను. మొదటి రెండూ అటక మీద ఉన్నాయి, మూడోదాన్ని రోజూ వాడుతున్నాను. మూడూ కట్టాక నాకు మిగిలిన సూత్రం ఒకటే: గ్రెయిన్‌కు సంబంధించిన నిర్ణయాలన్నీ అది పుట్టిన క్షణంలోనే తీసుకోవాలి. ఎక్కడ మొదలవుతుంది, ఎంత వేగంతో నడుస్తుంది, ఎంతకాలం బతుకుతుంది, ఎడమకా కుడికా, ఏ ఎన్వలప్ (ధ్వని ఎక్కి దిగే ఆకారం), మెమరీలోని ఏ ప్రతి నుంచి చదువుతుంది అన్నవన్నీ. జాతకం రాసి వదిలేశాక మళ్ళీ దాని జోలికి పోకూడదు. మీ నాలుగు బాధలూ ఈ జాతకంలో ఏదో ఒక గడి ఖాళీగా ఉండడం వల్లనో, తప్పుగా నింపడం వల్లనో వచ్చినవే.

ధ్వనిని చిన్న చిన్న కణాలుగా చూడవచ్చన్న ఆలోచన డెనిస్ గాబోర్‌ది, 1946-47 నాటిది. జెనాకిస్ 1950ల చివర్లో టేపును ముక్కలుగా కత్తిరించి అతికించి దాన్ని సంగీతంలోకి తెచ్చాడు. కర్టిస్ రోడ్స్ 1970లలో కంప్యూటర్ మీద చేశాడు. బారీ ట్రూయాక్స్ 1980ల మధ్యలో వాయిస్తుండగానే మోగేలా చేశాడు. ఈ చరిత్రలో మీ పనికి నేరుగా అక్కరకు వచ్చేది గాబోర్ చెప్పిన బేరం ఒక్కటే: కాలంలో ఎంత సన్నగా కోస్తే శ్రుతి అంత మసకబారుతుంది. పది మిల్లీసెకన్ల ముక్కలో శ్రుతిని ఇంచుమించు వంద హెర్ట్జ్ కంటే సన్నగా పట్టుకోలేం. మీ వీణ షడ్జం 150 హెర్ట్జ్ దగ్గర ఉందనుకుంటే, పది మిల్లీసెకన్లలో ఒకటిన్నర ఆవృత్తి మాత్రమే పడుతుంది. ఆ ముక్క వీణలా వినిపించకపోతే మీ కోడ్‌ను తిట్టుకోకండి, అది ప్రకృతి.

ఇక ప్రాసెసర్ లెక్క. బోర్డు మీది చిప్పు సెకనుకు 48 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. శాంపిల్ రేటు, అంటే సెకనుకు ధ్వనిని కొలిచే సార్లు, 48 వేలు; ఆ ఒక్కో కొలతనూ శాంపిల్ అనే అంటారు. అంటే ఒక్కో శాంపిల్‌కు మీ చేతిలో పదివేల గడియారపు టిక్కులు ఉన్నాయి. నాలుగు బిందువుల హెర్మైట్ ఇంటర్‌పొలేషన్ (రెండు శాంపిళ్ళ మధ్య విలువను అంచనా కట్టడం), ఎన్వలప్, స్టీరియో పంపకం అన్నీ కలిపి ఒక గ్రెయిన్‌కు వంద టిక్కులు ఇచ్చినా, పదహారింటికి పదహారు వందలే. పోలికకు, మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి గ్రాన్యులర్ మాడ్యూల్ క్లౌడ్స్ 168 మెగాహెర్ట్జ్ చిప్పు మీద, 32 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటుతో నలభై గ్రెయిన్ల పైచిలుకు నడిపింది. దాని కోడ్ అందరికీ తెరిచే ఉంది. ఒక ఆదివారం కూర్చుని చదవండి, నాలాంటివాళ్ళ సలహాలు వినడం కంటే లాభం ఎక్కువ.

లెక్కల కంటే మెమరీ ఖరీదు. బోర్డు మీది 64 మెగాబైట్ల బయటి మెమరీ పెద్దదే గాని నెమ్మది. చిప్పు లోపలి డేటా క్యాష్ (ఇప్పుడే చదివినదాన్ని దగ్గర పెట్టుకునే వేగమైన చిన్న మెమరీ) 16 కిలోబైట్లు, 32 బైట్ల లైన్లుగా నిండుతుంది. శాంపిళ్ళను 32 బిట్ల ఫ్లోట్‌గా (భిన్నాలను కూడా పట్టే సంఖ్యా రూపం) దాచారని రాశారు. 16 బిట్ల పూర్ణాంకాలుగా దాచండి. ఒక్కో లైనులో రెట్టింపు ధ్వని పడుతుంది, స్టీరియోలో అయిదు నిమిషాల నలభై తొమ్మిది సెకన్ల రికార్డింగ్ పడుతుంది. కోడ్‌లో బయటి లూపు గ్రెయిన్లది, లోపలి లూపు బ్లాకులోని (ఒక్క విడతలో లెక్కకట్టే గుంపులోని) 48 శాంపిళ్ళది కావాలి. మీరు తిరగేసి రాశారు. దానివల్ల ప్రతి శాంపిల్‌కూ పదహారు జాతకాలు తెరిచి మూస్తున్నారు. కార్డు నుంచి చదవడం ఆడియో ఇంటరప్ట్‌లో (ధ్వనిని లెక్కకట్టడానికి సమయానికి నడిచి తీరాల్సిన కోడ్‌లో) ఎప్పుడూ చేయవద్దు. కార్డు ఎప్పుడు అలిగి ఆగిపోతుందో దానికే తెలియదు. ఫైలును ముందే మెమరీలోకి ఎత్తుకుని, ఆ తర్వాతే మోగించండి.

ఇప్పుడు గరగర. మీ ప్రశ్నలో నన్ను ఆపేసిన మాట ఇది: “మొదటి పది సెకన్లలో శుభ్రంగా ఉంది, రెండో నిమిషంలో పాడవుతోంది.” ప్రాసెసర్ చాలకపోతే అంతటా పాడవ్వాలి కదా. ఫైల్లో చోటును బట్టి పాడవుతోందంటే చోటును దాచుకునే సంఖ్యలోనే తప్పుంది. మీరు చదివే స్థానాన్ని 32 బిట్ల ఫ్లోట్‌లో ఉంచారు. అందులో కచ్చితత్వానికి దొరికేవి 24 బిట్లే. స్థానం పెరిగేకొద్దీ ఆ బిట్లన్నీ పూర్ణాంక భాగమే తినేస్తుంది, భిన్నానికి మిగలదు. 10,48,576వ శాంపిల్ దాటాక, అంటే 48 కిలోహెర్ట్జ్ వద్ద ఇరవై రెండో సెకను దగ్గర్లో, భిన్నం ఎనిమిదో వంతు మెట్లలోనే కదులుతుంది. 83,88,608 దాటాక, అంటే దాదాపు 175వ సెకను నుంచి, భిన్నమే ఉండదు. ఇంటర్‌పొలేషన్ పేరుకే మిగులుతుంది.

ఇందులో ఒక వింత కూడా ఉంది. ఒక సెమిటోను పెంచడానికి ప్రతి శాంపిల్‌కూ 1.0595 చొప్పున ముందుకు నడవాలి. మెట్లు ఎనిమిదో వంతువి అయినప్పుడు 1.0595కు దగ్గరి మెట్టు 1.0 (1.125 కొంచెం దూరం). కాబట్టి ప్రతిసారీ అది 1.0కే దిగిపోతుంది. అంటే ముప్పయ్యో సెకను దగ్గర పిచ్ నాబ్‌ను ఒక సెమిటోను తిప్పితే శ్రుతి అసలు కదలదు. ఈ సాయంత్రం అదే చేసి చూడండి. కదలకపోతే రోగం ఇదేనని రూఢి.

మందు సులభం. స్థానాన్ని 64 బిట్ల పూర్ణాంకంగా ఉంచండి: పై 32 బిట్లు శాంపిల్ సంఖ్య, కింది 32 బిట్లు భిన్నం. నడక వేగాన్ని కూడా అదే రూపంలో, గ్రెయిన్ పుట్టినప్పుడు ఒక్కసారి లెక్కకట్టి దాచండి. పుట్టిన చోటును పూర్ణాంకంగా, అక్కడి నుంచి నడిచిన దూరాన్ని ఫ్లోట్‌గా ఉంచమని కొందరు చెబుతారు. పొట్టి గ్రెయిన్లకు అది చాలు. కానీ రెండు సెకన్ల గ్రెయిన్ నాలుగు రెట్ల వేగంతో నడిస్తే 3,84,000 శాంపిళ్ళు దాటుతుంది, అక్కడికి మెట్లు ముప్పై రెండో వంతుకు పడిపోతాయి. సగం మందు వాడడం దేనికి?

టిక్కుల సంగతి. గ్రెయిన్ ఎన్వలప్ సున్నా నుంచి మొదలై సున్నాతో ముగుస్తోందని రాశారు. బాగుంది. మరి మధ్యలో చస్తే? పదిహేడో గ్రెయిన్ రావాల్సినప్పుడు మీ కోడ్ అన్నిటికంటే పాతదాన్ని పీకేసి దాని గడి కొత్తదానికి ఇస్తోంది. పాతది అప్పటికి ఎన్వలప్ శిఖరం మీద ఉండవచ్చు. అక్కడ కోస్తే టిక్కుమనక ఏం చేస్తుంది? కీబోర్డు సింథసైజర్లలో పాత స్వరాన్ని లాక్కోవడం మామూలే, ఎందుకంటే వాయించేవాడు నొక్కిన మీట మోగి తీరాలి. గ్రాన్యులర్‌లో ఆ మొహమాటం అక్కరలేదు. మేఘంలో ఒక చినుకు రాకపోతే ఎవరికీ తెలియదు, మధ్యలో తెగిన చినుకు మాత్రం అందరికీ వినిపిస్తుంది. గడి ఖాళీ లేకపోతే కొత్తదాన్ని పుట్టనివ్వకండి, బతికున్నదాన్ని చంపకండి.

ఎన్ని గ్రెయిన్లు కావాలో ముందే తెలుస్తుంది: సెకనుకు ఎన్ని పుడతాయో దాన్ని ఒక్కోదాని ఆయుష్షుతో గుణించండి. సెకనుకు నలభై, ఒక్కోటి అర సెకను అంటే సగటున ఇరవై ఒకేసారి బతికుంటాయి. మీ పదహారు గడులు అక్కడే చాలలేదు. ముప్పై రెండు పెట్టండి, పైన చెప్పిన లెక్క ప్రకారం చోటు బోలెడుంది.

ఈ గుణకారమే వాల్యూమ్‌కు కూడా ఆధారం. సంబంధం లేని పదహారు గ్రెయిన్లు కలిస్తే ధ్వని నాలుగు రెట్లు, అంటే 12 డెసిబెళ్ళు పెరుగుతుంది. ఒకే చోటు నుంచి ఒకేలా చదివేవి పదహారూ ఒకే క్షణంలో కలిస్తే పదహారు రెట్లు, 24 డెసిబెళ్ళు. నిజం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. నేను సగటు సంఖ్య వర్గమూలంతో భాగించి, చివర్లో మెత్తటి లిమిటర్ పెడతాను. ఆ క్షణంలో ఎన్ని బతికున్నాయో లెక్కపెట్టి దానితో భాగించవద్దు, ఒక్కో గ్రెయిన్ వచ్చి పోయినప్పుడల్లా మొత్తం ధ్వని ఎగిరి పడుతుంది. నాబ్‌ల నుంచి వచ్చే సగటును తీసుకుని, దాన్ని కూడా కొంచెం నెమ్మదిగా కదలనివ్వండి.

ఎన్వలప్ ఆకారం గురించి ఎక్కువ చెప్పను. గంటలా మెత్తగా ఎక్కి దిగే హాన్ ఆకారం పెట్టుకోండి. ఒక గ్రెయిన్ సగం దాటగానే రెండోది మొదలైతే రెంటి మొత్తం సమంగా, అలలు లేకుండా వస్తుంది. మృదంగం దెబ్బలకు మాత్రం ఎక్కుడు పదునుగా, దిగుడు పొడవుగా ఉండే ఆకారం కావాలి. అయినా ఆ ఎక్కుడు రెండు మూడు మిల్లీసెకన్ల కంటే తగ్గించవద్దు.

మీరు అడగలేదు గాని అడగబోయేది ఒకటుంది: పిచ్ రెండు ఆక్టేవ్‌లు పెంచినప్పుడు పైన ఇసుక రాలినట్టు వచ్చే రొద. నాలుగు రెట్ల వేగంతో చదివినప్పుడు శాంపిల్‌లో 6 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా హద్దు (శాంపిల్ రేటులో సగం) దాటి కిందికి మడత పడుతుంది. వీణలో మీటు గీరుకున్న చప్పుడు, తంబురా తీగ కింద దారం పెట్టినప్పుడు పుట్టే ఆ రవళి, ఇవన్నీ ఉండేది సరిగ్గా ఆ పై పొరలోనే. ఇంటర్‌పొలేషన్‌ను ఎంత మెరుగుపరిచినా ఇది పోదు. ఫైలు ఎక్కించేటప్పుడే దాన్ని వడకట్టి సగం రేటుకు ఒక ప్రతి, నాలుగో వంతు రేటుకు ఇంకో ప్రతి తయారు చేసుకోండి. మెమరీ ఒకటింబావు రెట్లు కాదు, ఒకటీ ముప్పావు రెట్లు అవుతుంది. రెట్టింపు వేగం కావాల్సిన గ్రెయిన్ సగం ప్రతి నుంచి మామూలు వేగంతో చదువుతుంది. ఏ ప్రతి అన్నది పుట్టినప్పుడే నిర్ణయం. మధ్యలో ప్రతి మార్చాలని చూస్తే మళ్ళీ టిక్కు.

లైవ్ రికార్డింగ్‌లో ఠప్పుమనడం నా మొదటి మాడ్యూల్‌ను అటక ఎక్కించిన జబ్బు. మూడు వారాలు కేబుళ్ళనూ జాకులనూ అనుమానించాను. తప్పు కాగితం మీద నాలుగు గీతలు గీస్తే తేలిపోయేది.

గుండ్రటి బఫర్‌లో (చివరికి చేరగానే మళ్ళీ మొదటి నుంచి రాసే మెమరీలో) రాసే హెడ్, అంటే కొత్త ధ్వని రాస్తున్న చోటు, ముందుకు నడుస్తూ ఉంటుంది. దాని వెనక మీ గ్రెయిన్ చదువుతూ ఉంటుంది. గ్రెయిన్ వేగం రెట్టింపు అయితే అది రాసే హెడ్‌ను తరుముకుంటూ వచ్చి దాటేస్తుంది. దాటిన చోట కొత్త ధ్వని అయిపోయి, ఒక చుట్టు కిందటి పాత ధ్వని మొదలవుతుంది. ఆ అతుకే ఠప్పు. వేగం సగమైతే వ్యవహారం తిరగబడుతుంది: గ్రెయిన్ వెనకబడుతూ పోతుంది, రాసే హెడ్ చుట్టు తిరిగి వచ్చి వెనక నుంచి దాన్ని తొక్కేస్తుంది. వెనక్కి చదివే గ్రెయిన్ అయితే రెండూ ఎదురెదురుగా పరిగెడుతున్నట్టే.

లెక్క ఇలా. గ్రెయిన్ ఆయుష్షు అర సెకను, పిచ్ ఒక ఆక్టేవ్ పైకి. అది బతికున్నంతసేపట్లో ఒక సెకను ధ్వనిని తింటుంది, రాసే హెడ్ అర సెకనే రాస్తుంది. తేడా అర సెకను. కాబట్టి రాసే హెడ్‌కు కనీసం అర సెకను వెనక పుట్టాలి. సాధారణంగా చెప్పాలంటే, వేగం నుంచి ఒకటి తీసేసి ఆయుష్షుతో గుణిస్తే వచ్చేది కనీస దూరం. పిచ్ ఒక ఆక్టేవ్ కిందికి అయితే అదే గ్రెయిన్ పావు సెకను వెనకబడుతుంది. కాబట్టి బఫర్ తోక (అన్నిటికంటే పాత ధ్వని ఉన్న చోటు) నుంచి కనీసం పావు సెకను ఇవతల పుట్టాలి. అసలు వేగంతోనే వెనక్కి చదివితే దూరం ఆయుష్షుకు రెట్టింపు పెరుగుతుంది, అర సెకను గ్రెయిన్‌కు తోక నుంచి పూర్తి సెకను వదలాలి. వీటికి ఇంటర్‌పొలేషన్ కోసం నాలుగు శాంపిళ్ళు, ఒక బ్లాకు, సగం ప్రతి నుంచి చదివితే ఆ ఫిల్టర్ ఆలస్యం కూడా కలపండి. పొజిషన్ నాబ్ ఏ చోటు చూపించినా, పుట్టే ముందు ఈ రెండు హద్దుల మధ్యకు జరపండి. జాతకంలో ఇది ఒక్క పంక్తి.

ఫ్రీజ్ (రికార్డింగ్‌ను ఆపి బఫర్‌ను ఉన్నదున్నట్టు నిలిపే బటన్) నొక్కినప్పుడు రాయడం ఆగిన చోట కూడా పాత కొత్తల అతుకు ఉంటుంది, అది కదలకుండా అక్కడే కూర్చుంటుంది. ఆపే ముందు ఇంకో పది మిల్లీసెకన్లు రాస్తూ, కొత్తదాన్ని తగ్గిస్తూ అక్కడున్న పాతదానిలో కలిపేయండి.

తాళం వదులు. మీ బ్లాకు 48 శాంపిళ్ళు, అంటే ఒక మిల్లీసెకను. ట్రిగ్గర్ (గ్రెయిన్‌ను పుట్టించమనే సంకేతం) వచ్చిందా అని బ్లాకు మొదట్లో ఒక్కసారి చూసి, వస్తే గ్రెయిన్‌ను బ్లాకు మొదటి శాంపిల్ దగ్గరే పుట్టిస్తున్నారు. కాబట్టి ప్రతి ట్రిగ్గర్ సున్నా నుంచి ఒక మిల్లీసెకను దాకా ఏదో ఒక ఆలస్యంతో పడుతుంది. సెకనుకు నాలుగు దెబ్బలైతే ఎవరికీ పట్టదు. కానీ గ్రాన్యులర్‌లో క్లాక్ వేగం ఇరవై హెర్ట్జ్ దాటగానే అదే స్వరంగా వినిపించడం మొదలవుతుంది. 110 హెర్ట్జ్ క్లాక్ ఇస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య తొమ్మిది మిల్లీసెకన్లు. అందులో ఒక మిల్లీసెకను ఊగిసలాట అంటే పదకొండు శాతం. స్వరం బదులు బొంగురు వస్తుంది.

ట్రిగ్గర్ పిన్నును చిప్పులోని టైమర్‌కు కట్టండి. అంచు వచ్చిన క్షణాన్ని టైమర్ తనంతట తానే నమోదు చేస్తుంది. తర్వాతి బ్లాకులో, అది కిందటి బ్లాకులో ఎన్నో శాంపిల్ దగ్గర వచ్చిందో చూసి, ఈ బ్లాకులో సరిగ్గా అదే శాంపిల్ దగ్గర గ్రెయిన్‌ను పుట్టించండి. అన్నీ ఒక మిల్లీసెకను ఆలస్యంగా పడతాయి, కానీ అన్నీ ఒకేలా పడతాయి. స్థిరమైన ఆలస్యానికి చెవి సర్దుకుంటుంది, ఊగే ఆలస్యానికి సర్దుకోదు. లోపలి క్లాక్‌కు టైమర్ కూడా అక్కరలేదు. తర్వాతి గ్రెయిన్‌కు ఇంకా ఎన్ని శాంపిళ్ళు మిగిలాయన్న లెక్కను, భిన్నంతో సహా, ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకు మోసుకెళ్తే చాలు.

చెల్లాచెదురుగా రాల్చాలంటే, కొంచెం అటూ ఇటూ జరిపిన క్రమం సరిపోదు, అది తాగి నడిచే మెట్రోనోమ్‌లా ఉంటుంది. సున్నాకూ ఒకటికీ మధ్య యాదృచ్ఛిక సంఖ్య తీసి, దాని సహజ లాగరిథమ్‌ను సెకనుకు పుట్టే సంఖ్యతో భాగించి, గుర్తు మార్చండి. అది తర్వాతి గ్రెయిన్ దాకా వ్యవధి. వాన రేకు మీద పడినట్టు వినిపిస్తుంది. క్లౌడ్స్‌లో డెన్సిటీ (గ్రెయిన్లు ఎంత దట్టంగా పుట్టాలో చెప్పే) నాబ్ మధ్యలో మౌనం, ఒకవైపు తిప్పితే క్రమం, ఇంకోవైపు తిప్పితే వాన. ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తట్టలేదు, సిగ్గుపడకుండా తీసుకున్నాను.

ఇప్పుడు జాతకం సూత్రానికి ఉన్న ఒక్క లోటు. పుట్టినప్పుడే పిచ్ నిర్ణయిస్తే, రెండు సెకన్ల గ్రెయిన్లు మోగుతుండగా సీక్వెన్సర్ (స్వరాలను వరసగా పంపే పరికరం) స్వరం మార్చినా పాతవి పాత స్వరంలోనే తోక ఈడుస్తాయి. ఎక్కువసార్లు అది అందంగానే ఉంటుంది. కానీ స్వరం వెంటనే మారాలని పట్టుబట్టేవారికి బతికున్నవాటి వేగాన్ని కూడా మార్చే వీలు ఒక స్విచ్చు మీద ఇవ్వండి. అయితే అప్పుడు లైవ్ బఫర్‌లో పైన చెప్పిన హద్దులు నమ్మకంగా ఉండవు. నేను ఆ స్విచ్చును ఫ్రీజ్‌లో ఉన్నప్పుడే పనిచేసేలా పెట్టాను.

దీనితో ముడిపడిన చిన్న చిట్కా ఒకటి. సీక్వెన్సర్లు చాలావరకు గేటునూ (స్వరం మొదలుపెట్టమనే సంకేతం) పిచ్ వోల్టేజీనీ ఒకేసారి పంపుతాయి, కానీ వోల్టేజీ నిలకడకు రావడానికి కాస్త సమయం పడుతుంది. ట్రిగ్గర్ చూసిన వెంటనే పిచ్ చదివితే పాత స్వరమో మధ్య స్వరమో దొరుకుతుంది. ఒకటి రెండు మిల్లీసెకన్లు ఆగి చదవండి. ఆ ఒక బ్లాకు స్థిర ఆలస్యం ఇక్కడ వరమవుతుంది.

ఇన్‌పుట్ సర్క్యూట్. మైనస్ 5 నుంచి ప్లస్ 5 వోల్టుల సీవీని (మాడ్యూల్‌ను నడిపే నియంత్రణ వోల్టేజీని) 3.3 నుంచి 0 వోల్టులకు మార్చాలి. ఎంసీపీ6002 ఆప్ యాంప్‌ను 3.3 వోల్టుల మీద నడుపుతూ ఇన్వర్టింగ్ పద్ధతిలో కట్టండి. ఇన్‌పుట్ రెసిస్టర్ 100 కిలో ఓములు, ఫీడ్‌బ్యాక్ 33 కిలో ఓములు, ఎల్‌ఎం4040తో చేసిన మైనస్ 10 వోల్టుల రిఫరెన్స్ నుంచి 200 కిలో ఓములు. మధ్యన 1.65 వోల్టులు, ప్లస్ 5కు సున్నా, మైనస్ 5కు 3.3. ఆప్ యాంప్ సరఫరాయే 3.3 కాబట్టి ఎవరైనా పొరపాటున 12 వోల్టులు గుచ్చినా చిప్పు దాకా పోదు. ఈ విడిభాగాల్లో రెసిస్టర్ల కోసం ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టి పార్సిల్ కోసం ఎదురు చూడనక్కరలేదు, మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు కనుక కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళిరండి. అయితే పిచ్ దారిలో ఒక శాతం రెసిస్టర్లే అడిగి తీసుకోండి.

ఆక్టేవ్‌కు ఒక వోల్టు లెక్కన సెమిటోను 83.3 మిల్లీవోల్టులు, సెంటు (సెమిటోనులో నూరో వంతు) 0.83 మిల్లీవోల్టు. పది వోల్టుల పరిధిని 12 బిట్లతో కొలిస్తే ఒక మెట్టు 2.44 మిల్లీవోల్టులు, దాదాపు మూడు సెంట్లు. పాశ్చాత్య సింథ్ వాడేవారిలో చాలామంది దీన్ని పట్టించుకోరు. మీరు తంబురా పక్కన మోగించబోతున్నారు. 150 హెర్ట్జ్ దగ్గర మూడు సెంట్ల తేడా అంటే నాలుగు సెకన్లకొకసారి వచ్చే అల. అక్కగారు ముందుగా వినేది దాన్నే. ఆ చిప్పులోని ఏడీసీ (వోల్టేజీని సంఖ్యగా మార్చేది) కాగితం మీద 16 బిట్లు, రొద పోను చేతికి వచ్చేది అంతకంటే తక్కువ. పదహారు రీడింగుల సగటు తీసుకోండి. 1 వోల్టు, 3 వోల్టులు గుచ్చి రెండు బిందువుల కాలిబ్రేషన్ చేసి ఫ్లాష్‌లో దాచండి.

పవర్ విషయంలో నా రెండో బోర్డు కథ. రాగి దారులు నేనే గీశాను, తప్పూ నాదే. అంతా మోగుతోంది, కానీ మౌనంలో సన్నగా 1 కిలోహెర్ట్జ్ కూత. గ్రెయిన్లు పెరిగితే కూతా పెరిగింది. కారణం ఏమిటంటే, ప్రాసెసర్ ప్రతి మిల్లీసెకనుకూ ఒకసారి లేచి బ్లాకు లెక్కకట్టి పడుకుంటుంది. లేచినప్పుడల్లా కరెంటు గుటకేస్తుంది. ఆ గుటకలు ఆడియో వైపు గ్రౌండ్ దారిలోనే ప్రవహించేలా గీశాను. మీకూ ఇలాంటి కూత వినిపిస్తే బ్లాకును 96 శాంపిళ్ళకు మార్చి చూడండి. కూత 500 హెర్ట్జ్‌కు దిగితే దోషం ఇదే. ఆడియో జాకుల గ్రౌండ్, ప్రాసెసర్ గ్రౌండ్ పవర్ కనెక్టర్ దగ్గర మాత్రమే కలిసేలా మళ్ళీ గీసి, ఆప్ యాంప్‌లకు 12 వోల్టుల దారిలో వేరే ఫిల్టర్ పెడితే నాకు పోయింది. రిబ్బన్ కేబుల్‌లో ఎర్ర గీత మైనస్ 12 వైపు అని అందరికీ తెలుసు, అందరూ ఎప్పుడో ఒకసారి తిరగేసి గుచ్చుతారు. రెండు షాట్కీ డయోడ్లు పెట్టండి.

చివరిగా ప్యానెల్, అసలు మీ వీణ. 12 హెచ్‌పీ అంటే అరవై మిల్లీమీటర్ల పైచిలుకు. మీ బొమ్మలో పదకొండు నాబ్‌లు లెక్కపెట్టాను, వేళ్ళు దూరవు. పొజిషన్, సైజు, పిచ్, డెన్సిటీ పెద్దవిగా ఉంచి మిగిలినవి చిన్నవి చేయండి. సైజు నాబ్ 10 మిల్లీసెకన్ల నుంచి 2 సెకన్ల దాకా వెళ్తుందంటే సరళరేఖలో పంచవద్దు, సగం తిరిగేసరికి ఒక సెకను దాటిపోయి, పనికొచ్చే చోటంతా మొదటి మూలలో ఇరుక్కుంటుంది. రెట్ల లెక్కన పంచితే సగంలో 141 మిల్లీసెకన్లు వస్తాయి.

నేనైతే ఆ పదకొండులో అయిదింటిని తీసేసి, వాటి బదులు ఒక్క స్పీడ్ నాబ్ పెడతాను. ఎందుకో చెబుతాను. గమకంలో స్వరం సెకనుకు నాలుగైదు సార్లు ఊగుతుందనుకుందాం, అంటే ఒక ఊగుకు 200 నుంచి 250 మిల్లీసెకన్లు. పొజిషన్‌ను ఒక చోట నిలిపి 60 మిల్లీసెకన్ల గ్రెయిన్లు రాలిస్తే, ఊగులో ఏ ముక్క దొరికితే ఆ శ్రుతి దగ్గర ధ్వని గడ్డకడుతుంది. అది గాంధారమూ కాదు, మధ్యమమూ కాదు. విన్నవారు మాడ్యూల్ శ్రుతి తప్పిందంటారు. గ్రెయిన్‌ను 300 మిల్లీసెకన్లకు పెంచితే ఊగు పూర్తిగా పడుతుంది, కానీ ఒక్కో గ్రెయిన్‌లో ఒక్కో ఊగు అడ్డదిడ్డంగా కలిసి గమకం కాస్తా వణుకు అవుతుంది. గ్రెయిన్‌ను 60-80 దగ్గరే ఉంచి, పుట్టే చోటును ఫైలు వెంట నెమ్మదిగా నడిపించండి. స్పీడ్ ఒకటి అయితే అసలు వేగం, పావు అయితే గమకం నాలుగు రెట్లు సాగి, ఎక్కడ ఎక్కుతోందో ఎక్కడ దిగుతోందో విడివిడిగా వినిపిస్తుంది. పిచ్ మారదు. ఆ నడక స్పీడుకు సీవీ ఇన్‌పుట్ ఇస్తే చాలు, తీసేసిన ఆ అయిదు నాబ్‌లు ఎందుకు పెట్టాలనుకున్నారో మీకే గుర్తుండదు. తంబురాకు ఈ గొడవ లేదు, పొజిషన్ ఎక్కడ పెట్టినా ఒప్పుకుంటుంది.

ముందు ఆ 64 బిట్ల స్థానం మార్పు చేయండి, మిగతావి ఆగినా పరవాలేదు. చేశాక కూడా గరగర మిగిలితే, అది ఎన్నో సెకను దగ్గర మొదలవుతోందో, పిచ్ నాబ్ అప్పుడు ఎక్కడుందో రాయండి.